నలుగురి టెంటులో నలుగురు పట్టరు: తక్కువ ఖర్చులో కుటుంబానికి పెద్ద టెంటు కొనడం ఎలా?

మేము కొన్న మొదటి టెంటు సంచి మీద ‘6 మంది’ అని రాసి ఉంది. మా ఇంట్లో ఐదుగురం: మా వారు, నేను, ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు. ఇంకా ఒకరి చోటు మిగులుతుందని లెక్క వేసుకుని ఆన్‌లైన్‌లో తెప్పించాం. అక్టోబరులో బెంగళూరు దగ్గరి కనకపుర వైపు తెలిసినవాళ్ల తోటలో వేశాం. రాత్రి పదకొండింటికి వాన అందుకుంది. మొదట కుట్ల వెంట చుక్కలు, కాసేపటికి ధార. అత్తయ్యగారు ఒక్క మాట అనలేదు. దిండు చంకన పెట్టుకుని వెళ్లి కారులో కూర్చుని తలుపు వేసుకున్నారు. నాలుగు మాటలు అన్నా బాగుండేది అనిపించింది.

ఆ తర్వాత టెంట్లు అద్దెకు తెచ్చాం, ఇంకొకటి కొన్నాం, బెంగళూరు కేఆర్ పురంలో మా అపార్ట్‌మెంట్‌లోని మూడు తెలుగు కుటుంబాల చేత కొనిపించాం. ఆ అనుభవంతో, కొనే ముందు ఏ క్రమంలో ఏమేమి చూడాలో రాస్తున్నాను.

ముందే ఒక సంగతి. తక్కువ డబ్బుతో పెద్ద టెంటు కావాలంటే ఎక్కడో ఒకచోట తగ్గించుకోక తప్పదు. గదుల విభజన, వరండా, కిటికీలు, జేబులు, దీపం తగిలించే కొక్కెం, వీటిలో ఎంతైనా తగ్గించుకోండి. పైకప్పు, అడుగు గుడ్డ, కర్రలు, ఈ మూడింటిలో మాత్రం రూపాయి తగ్గించినా వాన రాత్రి వడ్డీతో కట్టాల్సి వస్తుంది.

మొదటి పని: మేడ మీద ముగ్గు

టెంటు తయారుచేసేవాళ్లు సాధారణంగా మనిషికి 60 సెంటీమీటర్ల వెడల్పు లెక్క వేస్తారు. అంటే రెండు అడుగులు. మన ఇళ్లలో ఒక్కరు పడుకునే పరుపే మూడు అడుగులుంటుంది. వాళ్ల లెక్కలో మనుషులు అగ్గిపెట్టెలో పుల్లల్లా కదలకుండా పడుకోవాలి. సామాను సంచులకు, చెప్పులకు, రాత్రి లేచి నీళ్లు తాగే మనిషికి అందులో చోటు లేదు.

అందుకే దుకాణానికి వెళ్లక ముందే ఈ పని చేయండి. ఒక సాయంత్రం ముగ్గుపిండి, కొలత టేపు పట్టుకుని మేడ మీదికి వెళ్లండి. మీరు చూస్తున్న టెంటు నేల కొలతను, ఉదాహరణకు 240 × 210 సెంటీమీటర్లను, ముగ్గుతో గీయండి. మీరు నిజంగా తీసుకెళ్లే చాపలు, బొంతలు అందులో పరచండి. ఇంటిల్లిపాదీ పడుకోండి. పక్కింటివాళ్లు చూస్తే చూడనివ్వండి.

మేము పడుకున్నాం. మా మొదటి టెంటు 220 × 250. ఆ గీతల మధ్య ముగ్గురు పెద్దవాళ్లం పడుకునేసరికే చోటు అయిపోయింది. మా చిన్నవాడు నిద్రలో గడియారం ముల్లులా తిరుగుతాడు. వాడికి రెండు అడుగులు కాదు, నాలుగు కావాలి. తర్వాత 300 × 300 గీశాం. పెద్దవాళ్లకు 75 చొప్పున 225, పెద్దపిల్లకు 60, మొత్తం 285. తల నుంచి కాళ్ల వరకు 210 పోగా ఇంకా 90 సెంటీమీటర్ల పట్టీ మిగిలింది. అందులో అడ్డంగా చిన్నవాడు, వాడి పక్కన సంచులు. అప్పుడు సరిపోయింది. ఆ కొలత టెంటును బజారులో సాధారణంగా ఆరుగురిది అనే అమ్ముతారు. మా మొదటిదాని మీదా అదే అంకె ఉంది. సంచి మీది అంకెకు, నేల కొలతకు ఉన్న సంబంధం అంతే. కాబట్టి అంకెను వదిలేసి, కొలత అడగండి. తొందరలో ఉంటే సంచి మీది అంకెలోంచి రెండు తీసేయండి.

ఇంకొక చిక్కుంది. గుండ్రటి టెంటు గోడలు లోపలికి వాలి ఉంటాయి. ఆరడుగుల మనిషి 210 పొడవులో పడుకుంటే నుదురో, కాలి వేళ్లో గోడకు తగులుతాయి, తెల్లవారేసరికి అక్కడి దుప్పటి తడుస్తుంది. పొడగరులుంటే 240 పొడవు వెంట పడుకునేలా చూసుకోండి.

పిల్లలు పదో తరగతి దాటితే మాత్రం ఒక పెద్ద టెంటుకు బదులు రెండు చిన్నవి కొనడమే మేలు. చిన్న టెంట్లు త్వరగా నిలబడతాయి, గాలికి బాగా ఆగుతాయి, చదునైన చోటు కోసం వెతుకులాట తగ్గుతుంది.

ఎక్కడికి, ఏ నెలలో?

బెంగళూరు నుంచి బయలుదేరే కుటుంబాలకు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు 15 డిగ్రీల దరిదాపుకు దిగుతాయి, దుప్పట్లతో సరిపెట్టుకోవచ్చు. ఆ నెలల్లో మాత్రమే వెళ్లేవాళ్లకు మధ్యరకం టెంటు చాలు. సెప్టెంబరు, అక్టోబరు ఇక్కడ బాగా కురిసే నెలలు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట గాలిదుమారంతో, ఒక్కోసారి వడగళ్లతో వాన పడుతుంది. సెలవుల్లోనే తీరిక దొరికే ఇల్లయితే ఆ గాలిని మనసులో పెట్టుకునే కొనాలి.

నేల సంగతీ చూడాలి. గండికోట మన తెలుగువాళ్లు ఎక్కువగా వెళ్లే చోటు. పెన్నా లోయ అంచున అంతా బండ, మేకు దిగదు. రామనగర, సావనదుర్గ వైపూ గ్రానైటు బండలే. మేకులు లేకుండా తన కాళ్ల మీద తాను నిలబడే టెంటు అలాంటి చోట్ల పనికొస్తుంది. రిజర్వు అడవిలో అటవీ శాఖ అనుమతి లేకుండా టెంటు వేయకూడదన్నది మరవకండి. కుటుంబంతో తొలిసారి వెళ్లేవాళ్లు మరుగుదొడ్డి, కాపలా ఉన్న తోటో, క్యాంపు స్థలమో చూసుకోవడం మంచిది.

ఒక్కసారి కూడా టెంటులో పడుకోని కుటుంబమైతే ఇక్కడ ఆగండి. బెంగళూరులో టెంట్లు అద్దెకిచ్చేవాళ్లున్నారు. ఒక వారాంతం అద్దెకు తెచ్చుకుని చూడండి. మా అపార్ట్‌మెంట్‌లో ఒక కుటుంబం అలా చేసి, తమకు పైకప్పున్న గదే హాయి అని తేల్చుకుంది. వేల రూపాయలు మిగిలాయి.

ఆకారం

బజారులో కనిపించేవి నాలుగు రకాలు.

గుండ్రటి గుమ్మటం టెంటులో రెండు మూడు కర్రలు నడినెత్తిన అడ్డంగా దాటుతాయి. తనంత తాను నిలబడుతుంది, గాలికి తట్టుకుంటుంది, ధర తక్కువ. తక్కువ ఖర్చులో కొనేవాళ్లకు నా ఓటు దీనికే.

సొరంగం టెంటులో కర్రలు వరుసగా విల్లుల్లా ఉంటాయి. అదే ధరకు లోపల చోటు ఎక్కువ వస్తుంది. కానీ మేకులు కొట్టకపోతే నిలబడదు. బండ మీద దీనితో యాతన.

నిటారు గోడల ఇల్లు లాంటి టెంటులో నిలబడి చీర కట్టుకోవచ్చు. బరువెక్కువ, ఎత్తెక్కువ, గాలికి తెరచాప అవుతుంది. ఈ రకంలో చవకది కొనవద్దు.

విసిరితే విచ్చుకునే టెంట్లు పిల్లలకు సరదా. మడిచాక పెద్ద పళ్లెంలా అవుతాయి, చిన్న కారు డిక్కీలో పట్టవు. మడవడం వీడియోలో తేలిక, తోటలో కాదు.

డిక్కీ అన్నాను కాబట్టి: సంచి పొడవు కొలవండి. కొన్ని పెద్ద టెంట్ల సంచి మీటరు దాటుతుంది. ఐదుగురు ఎక్కాక అది ఎక్కడ పెడతారో ముందే చూసుకోండి.

వాన: చీటీ చదవడం

డబ్బు పెట్టాల్సింది ఇక్కడే కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీళ్లు. రెండున్నర మీటర్ల చదరపు టెంటు మీద 30 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 190 లీటర్లు. అన్ని నీళ్లు మీ పిల్లల మీద పడకుండా పక్కలకు జారిపోవాలి.

మొదట చూడాల్సింది పొరలు. మంచి టెంటుకు రెండు పొరలుంటాయి. లోపలి గదికి దోమతెర, పలచని బట్ట. దాని మీద కొంత ఎడంగా వాన ఆపే పైకప్పు. చవక టెంట్లు చాలావరకు ఒకే పొరవి, లేదంటే నడినెత్తిన గొడుగంత గుడ్డ కప్పి రెండు పొరలు అని చెప్పేవి. ఫొటోలో పైకప్పు నేల దాకా దిగుతోందా, భుజాల దగ్గరే ఆగిందా చూడండి. భుజాల దగ్గర ఆగితే ఏటవాలు జల్లు లోపలికి వస్తుంది.

రెండు పొరలు అడగడానికి వాన ఒక్కటే కారణం కాదు. నిద్రలో ఒక్కో మనిషి ఊపిరి, చెమట ద్వారా గ్లాసుడు నీళ్లైనా బయటికి వదులుతాడు. ఐదుగురికి ఐదు గ్లాసులు. ఆ తేమ చల్లని బట్టకు తగిలి చుక్కలు కడుతుంది. ఒకే పొర ఉంటే ఆ చుక్కలు మొహం మీద పడతాయి, టెంటు కారుతోందని అనుకుంటారు. రెండు పొరలుంటే పైకప్పు లోపలి వైపు కట్టి, పక్కలకు జారుతాయి. పైభాగంలో గాలి వెళ్లే సందులున్నాయో లేదో కూడా చూడాలి. వాన భయంతో వాటిని మూసుకునేవాళ్లే పొద్దున తడిసి లేస్తారు.

రెండోది, టెంటు చీటీ (లేబుల్) మీద మిల్లీమీటర్లలో ఉండే అంకె: 1000, 2000, 3000. బట్ట మీద నీటి స్తంభం నిలబెడితే ఎంత ఎత్తు వరకు కారకుండా ఆపుతుందో అది చెబుతుంది. మన వానలకు పైకప్పు 2000 ఉంటే నిశ్చింత. 1500 అయితే పొడి నెలలకు పరవాలేదు. ఆ అంకె అసలే రాయకుండా ‘వాటర్ ప్రూఫ్’ అని మాత్రం రాసినదాన్ని నేను ముట్టుకోను. అడుగు గుడ్డకు అంతకంటే ఎక్కువ కావాలి, ఎందుకంటే తడి నేల మీద మోకాలు ఆనిస్తే బరువంతా ఆ చిన్న చోట పడి నీటిని పైకి తోస్తుంది. చాలా చవక టెంట్లలో అడుగున టార్పాలిన్ లాంటి పాలిథీన్ గుడ్డ వేస్తారు. చూడటానికి మోటుగా ఉన్నా పనితనం మంచిది. అది అంచుల దగ్గర నాలుగు వేళ్ల ఎత్తైనా పైకి మడిచి కుట్టి ఉండాలి, తొట్టిలా. నేలకు సమంగా కుట్టేస్తే పారే నీరు ఆ కుట్టులోంచే లోపలికి వస్తుంది.

మూడోది కుట్లు. సూది గుచ్చిన ప్రతి చోటా ఒక రంధ్రం. మా మొదటి టెంటు కొంప ముంచింది ఇవే. పైకప్పును తిరగేసి కుట్టు మీద పారదర్శకమైన టేపు అతికించి ఉందో లేదో వేలితో తడమండి. టేపు లేకపోతే అంకె 5000 ఉన్నా దండగ.

చీటీలో ‘డెనియర్’, ‘టి’ అనే మాటలు కూడా కనిపిస్తాయి. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అది అన్ని డెనియర్లు. అంటే దారం లావు. 190టి అంటే చదరపు అంగుళంలో నిలువు, అడ్డం కలిపి 190 దారాలు. వీటిని చూసి మరీ మురిసిపోనక్కర్లేదు. నీటిని ఆపేది దారం కన్నా దాని మీది పూత.

కర్రలు, జిప్పులు, తలుపులు

చవక టెంట్ల కర్రలు ఫైబర్‌గ్లాసువి. మందం ముఖ్యం: 7.9 మిల్లీమీటర్లవి చిన్న టెంట్లకు సరే. మూడు మీటర్ల నేల ఉన్న టెంటుకు 9.5, వీలైతే 11 అడగండి. ఇవి విరిగితే చీలికలు చీలికలుగా విరుగుతాయి, ఆ ముళ్లు వేళ్లలో గుచ్చుకుంటాయి. కాబట్టి పిల్లల చేత కర్రలు జాగ్రత్తగా ఎక్కించాలి. విరిగిన చోట తొడిగే ఇనుప గొట్టం ముక్క సంచిలో ఇచ్చారా చూడండి. ఇవ్వకపోతే ఒకటి కొని, అంటించే టేపుతో పాటు పెట్టుకోండి.

జిప్పును పదిసార్లు లాగి చూడండి. వంపు దగ్గర బట్టను కొరికితే తిప్పి ఇచ్చేయండి. చీకట్లో ఏడుస్తున్న పిల్లను బయటికి తీసుకెళ్లేటప్పుడు పనికిరాని జిప్పు ఎందుకు? నలుగురు దాటితే రెండు తలుపులుండాలి. లేకపోతే రాత్రి ఎవరు లేచినా మిగతావాళ్లను తొక్కుకుంటూ వెళ్లాలి. పెద్దవాళ్లుంటే తలుపు ఎత్తు మరీ ముఖ్యం. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు పాకుతూ రాలేరు. అత్తయ్యగారి కోసం మేము ఒక మడత కుర్చీని తలుపు పక్కనే వేస్తాం, దాన్ని పట్టుకుని లేస్తారు.

కొనడం

సర్జాపుర రోడ్డు మీది డెకాథ్లాన్ లాంటి పెద్ద దుకాణాల్లో కొన్ని టెంట్లు నిలబెట్టి ఉంచుతారు. అక్కడ కొనకపోయినా లోపల పడుకుని చూసి రండి. వాళ్ల కెచువా బ్రాండు టెంట్ల పేర్లలోనే లెక్క ఉంటుంది: అర్పెనాజ్ 4.1 అంటే నలుగురికి, ఒక పడకగది. 4.2 అంటే నలుగురికే, రెండు గదులు. పాయింటు తర్వాతి అంకెను చూసి ఎక్కువమందికి అనుకోకండి.

ఆన్‌లైన్‌లో కొంటే పొగిడిన అభిప్రాయాలను వదిలేసి, జులై నుంచి అక్టోబరు మధ్య రాసినవి వెతకండి. వానలో పడుకున్నవాళ్లు అప్పుడే రాస్తారు. తిప్పి పంపే గడువు ఎన్ని రోజులో చూసి, ఆ గడువులోపు కింద చెప్పిన పరీక్ష అయిపోయేలా తెప్పించుకోండి. మేము చేసిన పెద్ద తప్పు అదే: పెట్టె విప్పకుండా అటక మీద పెట్టి, గడువు దాటాక తోటలో విప్పాం. వానాకాలం ముగిశాక కొంటే బేరం కుదరవచ్చు గానీ, పరీక్షకు వాన దొరకదు.

సంచిలో ఇచ్చే మేకులు సన్నటి తీగలు. మన ఎర్ర మట్టిలో గులకరాయి తగిలితే వంగిపోతాయి. హార్డువేరు కొట్లో ఎనిమిది అంగుళాల ఇనుప మేకులు, ఒక సుత్తి, పది మీటర్ల నైలాను తాడు తీసుకోండి. కలాసిపాళ్యం వైపు టార్పాలిన్ కొట్లలో రెండు ముక్కలు కొనండి: ఒకటి టెంటు కింద పరచడానికి, ఇంకొకటి ముందు వసారాలా కట్టడానికి. కింద పరిచేది టెంటు నేల కన్నా అన్ని వైపులా నాలుగు వేళ్లు చిన్నదిగా ఉండాలి. బయటికి వస్తే వాన నీటిని పట్టి, నేరుగా మీ వీపు కిందికి తెస్తుంది. ఆ రెండో టార్పాలిన్ ఉంటే వరండా ఉన్న ఖరీదైన టెంటు అవసరం లేదు.

ఇంట్లో పరీక్ష

టెంటు రాగానే మేడ మీద నిలబెట్టండి. మేకులు దిగవు కాబట్టి మూలలకు నీళ్ల డబ్బాలు కట్టండి. బండ మీద ఎలా కట్టాలో కూడా అప్పుడే తెలిసిపోతుంది, అక్కడ డబ్బాకు బదులు రాయి. మొదటిసారి మాకు 50 నిమిషాలు పట్టింది, ఇప్పుడు పావుగంట.

తర్వాత నీళ్లు. మాది బెంగళూరు, 2024 మార్చిలో తాగునీటితో కారు కడిగితే రూ. 5,000 జరిమానా వేసిన ఊరు. కాబట్టి పైపు పెట్టి తడపమని చెప్పను. జల్లు పడే రోజు చూసి నిలబెట్టండి, లేదా బట్టలు చివరిసారి జాడించిన నీళ్లను వడగట్టి మగ్గుతో కుట్ల మీద పోయండి. సబ్బు ఉండకూడదు, పూత పాడవుతుంది. అరగంట తర్వాత లోపల పాత వార్తాపత్రికలు పరిచి చూడండి. ఎక్కడ కాగితం నల్లబడితే అక్కడ కారుతోంది. ఒకటి రెండు చోట్లయితే కుట్టుకు పూసే జిగురుతో సరిచేసుకోవచ్చు. వరుసంతా కారితే తిప్పి పంపండి.

వేసేటప్పుడు

చదునుగా, కాస్త ఎత్తుగా ఉన్న చోటు చూడండి. పల్లం ఎంత మెత్తగా కనిపించినా వద్దు. కొబ్బరిచెట్టు కింద వద్దే వద్దు. ఇక్కడ వానాకాలంలో గాలి పడమటి నుంచి, చలికాలంలో తూర్పు వైపు నుంచి వీస్తుంది. కాబట్టి డిసెంబరులో తలుపు పడమటికి పెట్టండి. మేకును ఏటవాలుగా కొట్టాలి, తల టెంటుకు బయటి వైపుకు వాలేలా. తాళ్లకు తెల్ల గుడ్డముక్కలు కట్టండి, రాత్రి ఎవరూ తట్టుకుని పడరు.

టెంటు లోపల పొయ్యి, బొగ్గుల కుంపటి, దోమల అగరుచుట్ట ఏదీ వెలిగించవద్దు. పాలిస్టరు క్షణాల్లో అంటుకుంటుంది, బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలి ఎక్కువైతే ఇంకొక దుప్పటి, అంతే.

తిరిగి వచ్చాక

ఆదివారం రాత్రి ఎంత అలసిపోయినా టెంటును తడిగా సంచిలో వదలకండి. రెండు మూడు రోజుల్లోనే బూజు పడుతుంది. పదే పదే అలా చేస్తే లోపలి పూత జిగటగా మారి పొట్టులా రాలిపోతుంది. బాల్కనీలో దండెం మీద వేసి నీడన ఆరబెట్టండి. ఎండలో రోజుల తరబడి ఉంచితే బట్ట పెళుసవుతుంది.

సంచిలో పెట్టే ముందు మేకులు లెక్కపెట్టండి. మా సంచి లోపల మార్కరుతో 22 అని రాసుకున్నాం. తోటలో 21 దొరికితే ఆ ఒక్కటి దొరికేదాకా పిల్లలను కారెక్కనివ్వను. మేము వెళ్లాక అక్కడ గేదెలు మేస్తాయి.